సర్కారు ఆసుపత్రా, సర్కారు కార్డా: అందరికీ వైద్యం అందించే దారుల్లో ఏది ఎంచుకోవాలి?

అందరికీ ప్రభుత్వమే వైద్యం అందించాలా, అక్కర్లేదా అని మన దగ్గర జరిగే వాదన చాలాసార్లు మొదట్లోనే దారి తప్పుతుంది. ఒకాయన ఇంగ్లండులో ఉన్న కొడుకు చెప్పిన మాటలు పట్టుకుని మాట్లాడతారు, ఇంకొకరు ఆరోగ్యశ్రీలో తమవాళ్లకు జరిగిన ఆపరేషన్ గురించి చెబుతారు, మూడోవారు తమ మండలంలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాన్ని తలుచుకుంటారు. ముగ్గురి నోటా వచ్చేది “ప్రభుత్వ వైద్యం” అన్న ఒక్క మాటే. కానీ అవి మూడు వేర్వేరు ఏర్పాట్లు. ఒకదాని మంచిని రెండోదానికి అంటగట్టినా, ఒకదాని లోపాన్ని ఇంకోదాని మీద రుద్దినా ఎంపిక తప్పిపోతుంది.

అందువల్ల ఏ పద్ధతినైనా తూచే ముందు మూడు ప్రశ్నలు విడివిడిగా వేసుకోవాలి. వైద్యానికి డబ్బు ఎక్కడి నుంచి వస్తోంది: పన్నుల నుంచా, జీతంలో కోత నుంచా, రోగి జేబు నుంచా? ఆసుపత్రి ఎవరిది? ఆ ఆసుపత్రికి డబ్బు ఏ లెక్కన ముడుతోంది: ఏడాదికింత బడ్జెట్ అనా, చేసిన ఒక్కో ఆపరేషన్‌కు ఒక్కో ప్యాకేజీ అనా, తన పరిధిలో నమోదైన మనుషుల తలల లెక్కనా? మొదటి రెండు ప్రశ్నల దగ్గరే గొంతులు పెరుగుతాయి గానీ, రోగికి ఎదురయ్యే అనుభవాన్ని ఎక్కువగా నిర్ణయించేది మూడోదని నా నమ్మకం.

బయటి దేశాల అనుభవం

ప్రభుత్వమే నడిపే వైద్యానికి అందరూ చూపే ఉదాహరణ బ్రిటన్. యుద్ధం నడుస్తుండగానే 1942లో విలియం బెవరిడ్జ్ ఇచ్చిన నివేదిక దారి వేస్తే, 1948 జులై 5న ఆరోగ్య మంత్రి అనైరిన్ బెవన్ చేతుల మీదుగా జాతీయ ఆరోగ్య సేవ మొదలైంది. డబ్బు దాదాపుగా పన్నులదే, ఆసుపత్రులు ప్రభుత్వానివే, రోగి బిల్లు చూడడు. అయితే అక్కడ కూడా వీధి చివర ఉండే ఫ్యామిలీ డాక్టర్లలో ఎక్కువమంది ప్రభుత్వోద్యోగులు కారు. తమ దగ్గర నమోదైన మనుషుల సంఖ్యను బట్టి ప్రభుత్వం నుంచి డబ్బు తీసుకునే స్వతంత్ర వైద్యులు వాళ్లు. అత్యవసరమైతే తప్ప ఆ డాక్టరు చీటీ లేకుండా పెద్దాసుపత్రిలో స్పెషలిస్టును కలవడం కుదరదు. తక్కువ ఖర్చుతో ఎక్కువమందికి వైద్యం అందడంలో ఆ నియమం పాత్ర పెద్దది. వేచి ఉండటమూ తప్పదు. మోకాలి మార్పిడి వంటి ముందుగా తేదీ వేసి చేసే చికిత్సల కోసం ఇంగ్లండులో వరుసలో ఉన్న కేసులు ఇటీవలి సంవత్సరాల్లో 70 లక్షలు దాటాయి. డబ్బు లేదని వైద్యం అందకపోవడం అక్కడ ఉండదు గానీ, మోకాలి నొప్పితో నెలల తరబడి ఎదురుచూడటం ఉంటుంది. ఈ రెండూ కలిసే వస్తాయని తెలుసుకునే ఆ పద్ధతిని కోరుకోవాలి.

జర్మనీది ఇంకో దారి. బిస్మార్క్ 1883లో తెచ్చిన కార్మికుల బీమా చట్టం నుంచి పెరిగి వచ్చిన ఏర్పాటు అది. జీతంలో 14.6 శాతం ప్రధాన చందాగా వెళుతుంది, సగం యజమాని వాటా, సగం ఉద్యోగి వాటా. దాని మీద కొంత అదనపు చందా కూడా ఉంటుంది. పదిమందిలో దాదాపు తొమ్మిది మంది ఈ చట్టబద్ధ నిధుల కిందే ఉంటారు. ఆసుపత్రుల్లో ప్రభుత్వానివీ ఉన్నాయి, ధర్మసంస్థలవీ ఉన్నాయి, ప్రైవేటువీ ఉన్నాయి. మనకిది బొత్తిగా కొత్తదేమీ కాదు. 1948 నాటి చట్టంతో వచ్చిన మన ఈఎస్ఐ, అంటే ఉద్యోగుల రాజ్య బీమా, ఇదే కొమ్మకు చెందినది. నెలకు 21 వేల రూపాయల లోపు జీతగాళ్లకు ఉద్యోగి వాటా 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం, డిస్పెన్సరీలో మందుల దగ్గర నుంచి ఆసుపత్రిలో చేరిక వరకు, జబ్బు పడ్డ రోజులకు కొంత జీతంతో సహా అందులో ఉన్నాయి. కాగితం మీద చూస్తే సామాన్యుడికి ఇంతకంటే నిండైన పథకం మన దేశంలో మరొకటి కనిపించదు. కాకపోతే దీనికి జీతం రసీదు కావాలి. కూలికి వెళ్లేవారు, కౌలు రైతులు, ఆటో నడిపేవారు, ఇంట్లో బీడీలు చుట్టేవారు ఎక్కువగా ఉన్నచోట జీతంలో కోత మీద ఆధారపడే పద్ధతి అందరినీ చేరలేదు. మన రాష్ట్రాలకు జర్మనీ దారి ప్రధాన దారి కాలేకపోవడానికి ఈ ఒక్క కారణం చాలు.

కెనడాలో డబ్బు ప్రభుత్వానిది, డాక్టరు మాత్రం సొంత ప్రాక్టీసువాడు. రోగిని చూసి బిల్లు ప్రభుత్వానికి పంపుతాడు. సస్కాచువాన్ రాష్ట్రంలో టామీ డగ్లస్ నాయకత్వంలో మొదలైన ప్రయత్నం అది. 1962లో అక్కడ డాక్టర్ల బీమా అమల్లోకి వచ్చినప్పుడు డాక్టర్లు 23 రోజులు సమ్మె చేశారు. ఇవాళ కెనడియన్లు తమ దేశం గురించి గర్వంగా చెప్పుకునే వాటిలో ఆ బీమా ఒకటి. అయినా చాలాకాలం దానిలో పెద్ద చిల్లు ఒకటి ఉండిపోయింది: డాక్టరును చూడటం ఉచితం, ఆసుపత్రి ఉచితం, ఇంటికి తెచ్చుకునే మందులు మాత్రం దేశమంతటా అందరికీ వర్తించే పథకంలో లేవు. ఈ చిల్లును గుర్తు పెట్టుకోండి, మన కథలోనూ అదే వస్తుంది.

అమెరికా సంగతి క్లుప్తంగా చెప్పవచ్చు. వృద్ధులకు 1965 నాటి చట్టంతో వచ్చిన మెడికేర్ ఉంది, పేదలకు మెడికెయిడ్ ఉంది, మిగతావారిలో ఎక్కువమంది ఉద్యోగం ద్వారా బీమా తెచ్చుకుంటారు. దేశ ఆదాయంలో 17 శాతానికి పైగా వైద్యానికి ఖర్చవుతోంది, మరే ధనిక దేశంలోనూ అంత లేదు; అయినా రెండున్నర కోట్ల మందికి పైగా ఏ బీమా లేకుండా ఉన్నారు. ఉద్యోగం పోయిన రోజే వైద్యమూ ప్రశ్నార్థకమయ్యే బాధ అక్కడి తెలుగు కుటుంబాలకు బాగా తెలుసు.

వీటన్నిటికంటే మనం ఎక్కువ శ్రద్ధగా చూడవలసినది థాయిలాండ్ అని నేను అంటాను. ఎందుకంటే అది ధనిక దేశం అయ్యేదాకా ఆగలేదు. 2001లో మొదలై 2002లో చట్టమైన అక్కడి పథకాన్ని ముప్ఫై బాట్ పథకం అంటారు. ఆసుపత్రికి వెళ్లినప్పుడల్లా అంత చిన్న మొత్తం కడితే చాలన్నది ఏర్పాటు. మనవాళ్లు సాధారణంగా ఆ ముప్ఫై బాట్ల దగ్గరే ఆగిపోతారు. దాని వెనుక రెండు దశాబ్దాలకు పైబడిన పని ఉంది. 1970ల నుంచే కొత్త డాక్టర్లు గ్రామీణ ప్రాంతాల్లో పనిచేయాలన్న నిబంధన పెట్టారు, 1980లలో పట్టణాల్లోని పెద్దాసుపత్రులకు వెళ్లే పెట్టుబడిని జిల్లాల్లోని చిన్న ఆసుపత్రులకు మళ్లించారు. బీమా ప్రకటించే నాటికి రోగి వెళ్లడానికి తలుపు తెరిచి ఉన్న ఆసుపత్రి దగ్గర్లోనే ఉంది. పైగా ఇంటి దగ్గరి వైద్యానికి ఆసుపత్రికి ముట్టేది తలల లెక్కన: ఇంతమంది నీ దగ్గర నమోదయ్యారు, ఏడాదికి ఇంత డబ్బు, వాళ్లను నువ్వే చూసుకోవాలి. మనిషి ఆరోగ్యంగా ఉంటేనే ఆ ఆసుపత్రికి మిగులు.

మన దారి ఎటు వెళ్లింది

నిజానికి మన దేశం మొదట అనుకున్నది కూడా ఇదే. 1946లో జోసెఫ్ భోర్ కమిటీ, డబ్బు కట్టలేని కారణంగా ఏ మనిషికీ వైద్యం అందకుండా పోకూడదన్న సూత్రంతో, పల్లెల నుంచి పైకి కట్టుకుంటూ వచ్చే ఆరోగ్య కేంద్రాల ఏర్పాటును సూచించింది. మైదాన ప్రాంతంలో 30 వేల జనాభాకు, కొండ ప్రాంతంలో 20 వేలకు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉండాలన్న లెక్క ఆ ఆలోచన నుంచి పుట్టిందే. కేంద్రాలు కట్టారు, కానీ వాటిని నిలబెట్టేంత డబ్బు ఏనాడూ రాలేదు. ప్రభుత్వ వైద్య ఖర్చును జాతీయోత్పత్తిలో 2.5 శాతానికి పెంచుతామని 2017 జాతీయ ఆరోగ్య విధానం చెప్పింది. 2021-22లో, అదీ కోవిడ్ కాలంలో, అది 1.84 శాతం. దేశం మొత్తం వైద్య ఖర్చులో జనం జేబు నుంచి నేరుగా పెట్టే వాటా 2013-14లో 64.2 శాతం ఉండగా 2021-22కు 39.4 శాతానికి తగ్గింది. తగ్గుదల నిజమే, కానీ నూటికి నలభై రూపాయలు ఇంకా రోగే పెట్టుకుంటున్నాడు.

ఈ లోటులోంచే 2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది. వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం ముందు మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ప్రారంభించి ఉమ్మడి రాష్ట్రమంతటికీ విస్తరించింది. తెల్ల కార్డు ఉన్న కుటుంబం కార్పొరేట్ ఆసుపత్రి మెట్లెక్కి గుండె ఆపరేషన్ చేయించుకుని ఒక్క రూపాయి కట్టకుండా తిరిగి రావడం అంతకుముందు ఊహకు కూడా అందని విషయం. దీన్ని చిన్నచూపు చూసేవారితో నేను ఏకీభవించను. కేంద్రం 2018 సెప్టెంబరు 23న రాంచీలో మొదలుపెట్టిన ఆయుష్మాన్ భారత్ బీమా, కుటుంబానికి ఏటా 5 లక్షల పరిమితితో, చాలావరకు ఈ బాటలోనే నడిచింది. 2023 డిసెంబరులో తెలంగాణ తన పరిమితిని 10 లక్షలకు, ఆంధ్రప్రదేశ్ 25 లక్షలకు పెంచాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడు దీన్ని ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు.

లోపం ఎక్కడుందో మా ఇంట్లో జరిగినది చెబితే తేలిగ్గా అర్థమవుతుంది. మా నాన్నగారికి ఛాతీలో నొప్పి వస్తే పట్నంలోని ఒక ప్రైవేటు నెట్‌వర్క్ ఆసుపత్రికి తీసుకెళ్లాం. గుమ్మం పక్కనే బల్ల వేసుకుని కూర్చున్న ఆరోగ్యమిత్ర (పథకం తరఫు సహాయకులు) రేషన్ కార్డు, ఆధార్ తీసుకుని ఫొటో తీశారు, అనుమతి వచ్చింది, స్టెంటు వేశారు. ఆపరేషన్‌కు మేం ఏమీ కట్టలేదు. పథకం ప్రకారం తర్వాతి ఏడాది మందులు కూడా ఇచ్చారు. ఏడాది గడిచాక ఆ ఐదు రకాల మాత్రలు కొనుక్కోవడం మా వంతైంది. ఒకసారి పండక్కి ఇంటికి వెళ్లినప్పుడు కిటికీ గూట్లో మందుల సంచి విప్పి చూస్తే అన్నీ సగం సగం అట్టలు. మెడికల్ షాపులో పది మాత్రల అట్టను కత్తెరతో నిలువునా కోసి ఐదు ఇచ్చారు. గడువు తేదీ ఉన్న సగం షాపులోనే ఉండిపోయింది. లెక్కపెడితే రక్తం పలచబడే మాత్రలు ఉండవలసిన దానికంటే ఎక్కువ ఉన్నాయి. రోజు విడిచి రోజు వేసుకుంటున్నారట. “పదిహేను రోజులవి నెలకు వస్తున్నాయి కదరా” అన్నారు. వేలకు వేలు ప్రభుత్వ ధనం పెట్టి వేసిన స్టెంటును నెలకు కొన్ని వందల రూపాయల మందు లేక ప్రమాదంలో పడేసుకుంటున్నామని ఆ రోజు తెలిసింది.

ఇది మా ఇంటికే పరిమితం కాదు. జనం జేబు ఖర్చులో పెద్ద వాటా మందులది, ఓపీలో చూపించుకునే వాటిది. బీపీ, షుగర్, ఆస్తమా, థైరాయిడ్ ఉన్న మనిషి నెల నెలా పెట్టే ఖర్చును పాతిక లక్షల పరిమితి ఉన్న కార్డు కూడా ముట్టుకోదు, ఎందుకంటే కార్డు పనిచేసేది ప్రధానంగా ఆసుపత్రిలో చేరినప్పుడు. అదుపు తప్పిన షుగరుకు మందు ఇవ్వని ఏర్పాటు, అదే షుగరు వల్ల మూత్రపిండాలు పాడయ్యాక డయాలసిస్‌కు మాత్రం డబ్బు కడుతుంది.

ప్యాకేజీ లెక్కన డబ్బు కట్టడంలో ఇంకో చిక్కు ఉంది. చేసిన పనికి డబ్బు కాబట్టి అక్కర్లేని పని కూడా జరుగుతుంది. ఉమ్మడి రాష్ట్రంలో గర్భసంచి తొలగింపు ఆపరేషన్లు ఎంత విచ్చలవిడిగా జరిగాయో ఆ రోజుల్లో పత్రికలు చదివినవారికి గుర్తుండే ఉంటుంది. చివరికి ఆ ఆపరేషన్‌తో సహా కొన్ని చికిత్సలను ప్రభుత్వ ఆసుపత్రులకే కేటాయించవలసి వచ్చింది. మరోవైపు ప్రభుత్వం బకాయి పడితే నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు ఆపేస్తామని నోటీసు ఇవ్వడం రెండు రాష్ట్రాల్లోనూ తరచూ చూస్తున్నాం. ఆసుపత్రి ప్రభుత్వానిదైతే జీతాలు ఆలస్యమైనా తలుపు మూతపడదు.

ఉద్దానం సంగతి వీటన్నిటినీ ఒకచోట చూపిస్తుంది. శ్రీకాకుళం జిల్లాలోని ఆ కొబ్బరి తోటల ప్రాంతంలో మూత్రపిండాల జబ్బు దశాబ్దాలుగా మనుషుల్ని తీసుకుపోతోంది, కారణం ఇదీ అని ఇంకా నిర్ధారణగా తేలలేదు. బీమా కార్డు అక్కడ డయాలసిస్ ఖర్చు భరించగలదు. కానీ ఊరూరా రక్తం తీసి మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్షించడం, జబ్బు ముదరక ముందే పట్టుకోవడం, బయటి నుంచి గొట్టాల ద్వారా తాగునీరు తేవడం ఏ ప్యాకేజీలోనూ ఉండవు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి, ఆ ప్రాంతానికి మంచినీటి పథకం ప్రారంభమయ్యాయంటే అవి ప్రభుత్వం స్వయంగా పూనుకుంటేనే జరిగాయి.

అయితే ఏది ఎంచుకోవాలి

పౌరులుగా, ఓటర్లుగా ఎంచుకోవలసి వస్తే నా సలహా ఇది. ఇంటి దగ్గరి వైద్యం మొత్తం, అంటే పరీక్షలు, నెలవారీ మందులు, కాన్పులు, టీకాలు, ప్రభుత్వమే నడపాలి, పన్నుల డబ్బుతో నడపాలి, ఓపీ చీటీ తప్ప మరే షరతూ లేకుండా నడపాలి. తెలంగాణలో బస్తీ, పల్లె దవాఖానాలు, ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ ఆరోగ్య కేంద్రాలకు డాక్టరును పంపే ఫ్యామిలీ డాక్టర్ ఏర్పాటు ఈ దిశలో వేసిన అడుగులే. జ్వరం రాగానే ఆర్‌ఎంపీ దగ్గరికి పరుగెత్తే మన ఊళ్లలో ఆ మొదటి మెట్టు ఖాళీగా ఉన్నంతకాలం పై మెట్లు ఎంత ఎత్తుగా కట్టినా ఉపయోగం తక్కువ. ఆపరేషన్లకు మాత్రం కార్డు ఉంచాలి. నిమ్స్, కేజీహెచ్, గాంధీ, స్విమ్స్ వంటి ఆసుపత్రులన్నీ కలిసినా మొత్తం భారాన్ని ఇవాళ మోయలేవు కాబట్టి ప్రైవేటు ఆసుపత్రి సేవ కొనుక్కోవడంలో తప్పు లేదు. కొత్తగా వచ్చే ప్రతి రూపాయిలో పెద్ద భాగం మాత్రం కార్డు పరిమితిని ఇంకో ఐదు లక్షలు పెంచడానికి కాక మందులకూ నర్సులకూ వెళ్లాలి. ఏటా లక్షల్లో బిల్లయ్యే కుటుంబాలు కొద్ది, నెల నెలా మందులు కొనే కుటుంబాలు మాత్రం ఊరినిండా ఉన్నాయి.

అన్నీ ప్రభుత్వం చేతికిస్తే నాణ్యత పడిపోతుందన్న వాదనలో నిజం లేకపోలేదు. డాక్టరు పోస్టు ఖాళీగా ఉన్న పీహెచ్‌సీని, మధ్యాహ్నానికే తాళం పడ్డ సబ్‌సెంటరును చూసినవారికి ఆ భయం ఉంటుంది. కానీ తమిళనాడు 1990ల మధ్య నుంచి మందుల కొనుగోలుకు ప్రత్యేక సంస్థ పెట్టి, గోదాముల్లో నిల్వలను కంప్యూటరులో గమనిస్తూ, ప్రభుత్వ ఆసుపత్రుల్లో మందుల కొరతను బాగా తగ్గించింది. నాణ్యత ఎవరు నడుపుతున్నారన్న దానికంటే మందు సమయానికి చేరిందా, డాక్టరు కుర్చీలో ఉన్నాడా అన్న వాటి మీద ఎక్కువ ఆధారపడుతుంది. ఈ రెండూ సరిచేయగల విషయాలే.

ఇక ఇంటి పెద్దగా ఇవాళ నిర్ణయం తీసుకోవలసినవారికి కొన్ని మాటలు. ఈఎస్ఐ కోత పడుతున్న ఉద్యోగి దాన్ని పక్కన పెట్టి ప్రైవేటు పాలసీ ఒక్కటే నమ్ముకోవద్దు. ఓపీ, మందులు, జీతం నష్టం మూడూ చూసేది అదే. డెబ్భై నిండిన తల్లిదండ్రులు ఉంటే ఆదాయంతో సంబంధం లేకుండా 2024 అక్టోబరు నుంచి ఆయుష్మాన్ వయ వందన కార్డు ఇస్తున్నారు, జబ్బు పడ్డాక కాకుండా ముందే చేయించి పెట్టుకోండి. ప్రభుత్వ పథకం వర్తించని మధ్యతరగతి ఇంటికి ప్రైవేటు బీమా తప్పదు, అయితే పాత జబ్బులకు ఎన్నేళ్ల తర్వాత వర్తిస్తుందో సంతకం చేసే ముందే అడగండి. బ్రిటన్‌కు చదువుకో ఉద్యోగానికో వెళ్లే పిల్లలు చాలామంది వీసాతో పాటు ఆరోగ్య రుసుము కడతారు, 2024 ఫిబ్రవరి నుంచి అది ఏడాదికి ఉద్యోగానికి వెళ్లే పెద్దవారికి 1,035 పౌండ్లు, విద్యార్థులకు 776 పౌండ్లు. అది కట్టాక అక్కడి జాతీయ ఆరోగ్య సేవ వాళ్లదీ కాబట్టి వెళ్లిన మొదటి వారంలోనే దగ్గరి ఫ్యామిలీ డాక్టరు దగ్గర పేరు నమోదు చేయించుకోమనండి. అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లే అమ్మానాన్నలకు అక్కడ అలాంటి ఆసరా లేదు, ప్రయాణ బీమా తీసుకోకుండా విమానం ఎక్కించవద్దు.

ఎన్నికలప్పుడు అభ్యర్థి కార్డు మీద ఎన్ని లక్షలో చెబుతున్నప్పుడు అడగవలసిన ప్రశ్న ఒకటుంది. దాన్ని ముందుగా మీరే మీ ఊరి పీహెచ్‌సీలో అడిగి చూడవచ్చు. మందులిచ్చే కిటికీ దగ్గర నిలబడి బీపీకి ఆమ్లోడిపిన్, షుగరుకు మెట్‌ఫార్మిన్ ఉన్నాయా, ఉంటే నెలకు సరిపడా ఇస్తున్నారా లేక వారానికి రమ్మంటున్నారా అని అడగండి. వారానికే అంటే, కూలి మానుకుని నెలకు నాలుగుసార్లు రాలేని మనిషి మూడోసారికి మానేస్తాడు. మా నాన్నగారికి ఇప్పుడు ఆ కిటికీ దగ్గర బీపీ మాత్ర నెలకు ఒకేసారి దొరుకుతోంది, రక్తం పలచబడే మాత్ర మాత్రం ఇంకా రావడం లేదు.